వంక పక్కన ప్లాటు: తొమ్మిది మీటర్ల రూలు రెండు మీటర్లు ఎలా అవుతోంది

అనంతపురం అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కరువు. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే ఊరు. ఆ ఊళ్లోనే 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీలకు కాలనీలు మునిగాయి, బియ్యం బస్తాల దగ్గర్నుంచి పిల్లల పుస్తకాల దాకా నీళ్లపాలయ్యాయి. రెండేళ్లు తిరిగాక, 2024 అక్టోబరులో, పండమేరు వంతు వచ్చింది. పైన కనగానపల్లి చెరువు తెగింది, వంక ఉప్పొంగి శివారు కాలనీల మీద పడింది. కడపలో 2001లో బుగ్గవంక ఊళ్లోకి వచ్చి ప్రాణాలు తీసింది, 2020లో నివర్ తుఫాను అప్పుడు మళ్లీ వచ్చింది. కర్నూలు సంగతి చెప్పక్కర్లేదు, 2009 అక్టోబరు 2 ఆ ఊరివాళ్లు ఇప్పటికీ తేదీతో సహా చెప్పుకునే రోజు.

ఇన్నిసార్లు జరిగాక కూడా, "రూల్స్ లేవా?" అని అడిగేవాళ్లు ఉన్నారు. రూల్స్ ఉన్నాయి, మీటర్లతో సహా రాసి ఉన్నాయి. అసలు చిక్కు ఆ మీటర్లను ఎక్కడి నుంచి కొలవాలన్న దగ్గర ఉంది. కొలత మొదలయ్యే గీతే నేల మీద లేకపోతే, ఎన్ని మీటర్లు రాసి పెట్టినా అది కాగితం మీది లెక్కగానే మిగిలిపోతుంది. సీమలో ఆ గీత చెరిగిపోయినంత తేలిగ్గా ఇంకెక్కడా చెరిగిపోదు, దానికి కారణం ఇక్కడి వంకల తీరే.

కోస్తాలో ఏరు ఏడాదిలో చాలా నెలలు కనిపిస్తుంది, కాబట్టి అక్కడ ఏరుందని అందరికీ తెలుసు. సీమలో వంక అలా కాదు. ఐదేళ్లు, పదేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం బొట్టు నీరు లేకుండా ఉంటుంది. మొదటి రెండేళ్లు కంపచెట్లు మొలుస్తాయి. తర్వాత ఎవరో చెత్త పోస్తారు, ఇంకెవరో పాత ఇల్లు పగలగొట్టిన రాళ్లూ మట్టీ తెచ్చి పోస్తారు. పక్క పొలం రైతు ఒక సాలు ఇవతలికి దున్నుకుంటాడు. పదో ఏడు వచ్చేసరికి అది వంకలా కాకుండా ఖాళీ జాగాలా కనిపిస్తుంది, పన్నెండో ఏడు వెంచర్ జెండాలు పాతుతారు. ప్లాటు కొనేవాడు వేరే ఊరి నుంచి వచ్చినవాడైతే, అక్కడ ఎప్పుడో నీళ్లు పారేవని చెప్పే మనిషి కూడా దొరకడు.

ఊరి పేర్లు మాత్రం ఇంకా గుర్తు చేస్తూనే ఉన్నాయి. నడిమివంక అంటే ఊరి నడుమ పారే వంక అని పేరులోనే ఉంది. మరువవంక అన్న పేరూ అంతే. మరువ అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు, "ఈసారి మరువ పారింది" అంటే చెరువు నిండిందని అర్థం. అనంతపురానికి ఆ పేరు వచ్చింది అనంతసాగరం చెరువు మీదుగానే అంటారు. పక్కనే ఉన్న బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగకుండా ఆగడానికి ఒక ఇంటి కోడలు ప్రాణం ఇచ్చిందని కథ, ఆ కట్టను ఇప్పటికీ ముసలమ్మ కట్ట అనే పిలుస్తారు. కరువు సీమ నడిబొడ్డున జనం నోట నిలిచిన కథ ఒక వరద కథ కావడం గమనించాల్సిన విషయం. వాన తక్కువ పడే చోట వరద రాదని పాతకాలం వాళ్లు ఎప్పుడూ అనుకోలేదు.

ఎందుకు అనుకోలేదో ఒక చిన్న లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. ఒక చదరపు కిలోమీటరు మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే అది లక్ష ఘనపు మీటర్ల నీరు, అంటే పది కోట్ల లీటర్లు. అందులో సగం నేలలో ఇంకిందనుకుందాం, మిగతా సగం ఐదు గంటల్లో కిందికి దిగితే దాదాపు వంద క్యూసెక్కుల ప్రవాహం. ఒక వంకలోకి యాభై చదరపు కిలోమీటర్ల నుంచి నీళ్లు దిగుతాయనుకుంటే ఐదు వేల క్యూసెక్కులు. సీమలో వాన ఏడాదంతా కొద్దికొద్దిగా పడదు, ఒక్కోసారి అక్టోబరు, నవంబరుల్లో రెండు మూడు రోజుల్లోనే కుమ్మరిస్తుంది. రాళ్ల గుట్టలు, పలచటి ఎర్రనేల, చెట్టుచేమ తక్కువ, కాబట్టి ఇంకేది తక్కువ, జారిపోయేది ఎక్కువ. పైన గొలుసుకట్టు చెరువులన్నీ అప్పటికే నిండి ఉంటే ఒక చెరువు మరువ నీళ్లు ఇంకో చెరువులో పడతాయి, ఒకటి తెగితే కింద ఉన్నవన్నీ ప్రమాదంలో పడతాయి. పదేళ్లు ఎండిన వంక పదకొండో ఏట ఒక్క రాత్రిలో తన వెడల్పంతా వెనక్కి అడుగుతుంది.

రూల్స్‌లో ఏముందో ఇప్పుడు చూద్దాం. 2017లో జీఓ 119 ద్వారా వచ్చిన ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్ ప్రకారం నది, వాగు గర్భంలోనూ, చెరువు నిండితే నీళ్లు నిలిచే గీత లోపలా, అంటే ఎఫ్‌టీఎల్ లోపల, ఏ కట్టడమూ కట్టకూడదు. ఆ బయట కూడా కొంత జాగా వదలాలి, దీన్నే బఫర్ అంటారు. నది అయితే కార్పొరేషన్, మున్సిపాలిటీ హద్దుల లోపల 50 మీటర్లు, హద్దుల బయట 100 మీటర్లు. పది హెక్టార్లు, అంటే ఇంచుమించు పాతిక ఎకరాలు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకూ కుంటకూ 9 మీటర్లు. వాగు, వంక, కాలువ, వాననీటి డ్రైన్ పది మీటర్ల కన్నా వెడల్పుంటే 9 మీటర్లు, పది మీటర్లూ అంతకు లోపు అయితే 2 మీటర్లు. ఈ రూల్స్‌కు సవరణలు వస్తూ ఉంటాయి కాబట్టి ప్లాను పెట్టే నాటికి ఏది అమల్లో ఉందో చూసుకోవాలి.

వీటిలో చివరి రెండు అంకెలే మన ఊళ్లలో ఎక్కువ ఇళ్ల తలరాతను తేలుస్తున్నాయి.

ఒక మూడు సెంట్ల ప్లాటు అనుకుందాం, ముప్పై అడుగుల వెడల్పు, నలభై మూడున్నర అడుగుల పొడవు. ముందు రోడ్డు, వెనకాల వంక. వంక పది మీటర్ల కన్నా వెడల్పు అని తేలితే 9 మీటర్లు, అంటే 29 అడుగుల పైన, వెనక నుంచి వదిలేయాలి. మిగిలేది పద్నాలుగు అడుగులు. అందులోనే ముందు సెట్‌బ్యాక్, అంటే రోడ్డు వైపు వదలాల్సిన ఖాళీ కూడా పోవాలి. అంటే అక్కడ ఇల్లు లేనట్టే, ఆ ప్లాటు డబ్బు వంకలో పోసినట్టే. అదే వంక పది మీటర్ల లోపు అని తేలితే వదలాల్సింది ఆరున్నర అడుగులు, సుబ్బరంగా ఇల్లు వస్తుంది. వంక వెడల్పులో ఒకటి రెండు మీటర్ల తేడా మీద ఒక కుటుంబం జీవితకాలపు పొదుపు ఆధారపడి ఉంటే, ఆ కొలత మీద ఎంత ఒత్తిడి పడుతుందో ఊహించడం కష్టం కాదు. ప్లాటు యజమానికీ, వెంచర్ వేసినవాడికీ, ప్లాను గీసినవాడికీ అందరికీ వంక సన్నగా ఉండటమే కావాలి. వంక వెడల్పుగా ఉండాలని కోరుకునేవాళ్లు దిగువన ఉన్నవాళ్లు, వాళ్లు ఆ ఫైలు దగ్గర ఉండరు.

ఇంకో విషయం ఇంతకన్నా బాధ కలిగిస్తుంది. పాత ఎఫ్‌ఎంబీ, అంటే ఒక్కో సర్వే నంబరు హద్దులూ కొలతలూ ఉండే రెవెన్యూ పటం, తీసి చూస్తే, బ్రిటిష్ కాలపు సర్వే నుంచి వచ్చిన ఆ కొలతలు లింకుల్లో ఉంటాయి. వంద లింకులు ఒక గొలుసు, గొలుసు అంటే 66 అడుగులు. ఎఫ్‌ఎంబీలో వంక అడ్డంగా 70 లింకులు ఉందనుకుంటే అది 14 మీటర్లు. నేల మీదికి పోయి టేపు వేస్తే, అటొకరు ఇటొకరు కలుపుకోగా మిగిలింది 9 మీటర్లు. రికార్డు ప్రకారం బఫర్ 9 మీటర్లు, నేల మీద కొలత ప్రకారం 2 మీటర్లు. అంటే ఐదు మీటర్ల వంక ఆక్రమణకు గురైతే పోయేది ఐదు మీటర్లు మాత్రమే కాదు, ఒక్కో గట్టున ఏడేసి మీటర్ల బఫర్ కూడా దానితో పాటు పోతుంది. నీళ్లకు దక్కాల్సిన 32 మీటర్ల దారిలో మిగిలేది 13. ఆక్రమించినవాడికి రూలే బహుమతి ఇచ్చినట్టవుతోంది, పక్కనోళ్లకు కూడా పంచిపెట్టినట్టవుతోంది.

రూల్‌లో వాడిన మాట "నిర్ణయించిన హద్దు". నిర్ణయించాల్సింది ఇరిగేషన్, రెవెన్యూ శాఖలు. ఇంటి ప్లానుతో వచ్చిన స్కెచ్‌లో వంకను ఎలా గీశారన్నది హద్దు కాకూడదు. కానీ నడిచే పద్ధతి చూస్తే, దరఖాస్తు ఆన్‌లైన్‌లో పడుతుంది, ఎల్‌టీపీ అంటే లైసెన్స్ ఉన్న టెక్నికల్ పర్సన్ గీసిన సైట్ ప్లాన్ అప్‌లోడ్ అవుతుంది, దస్తావేజులో ఉన్న హద్దులే అందులో ఉంటాయి. దస్తావేజులో "పడమర: వంక" అని ఉంటుంది, దాని వెడల్పెంతో ఉండదు. "పడమర: ఖాళీ స్థలం" అని రాయించుకున్నవాళ్లూ ఉంటారు, అప్పుడిక వంక అన్న మాటే ఫైల్లో ఉండదు. చిన్న ఇళ్లకు సెల్ఫ్ సర్టిఫికేషన్ వచ్చాక యజమానీ ఎల్‌టీపీయే బాధ్యత తీసుకుని సంతకం పెడతారు. ఆఫీసుల చుట్టూ తిరగడం తప్పింది, అది మంచిదే. కానీ వంకలూ చెరువుల పక్కన ఉన్న సర్వే నంబర్ల వరకైనా ఎఫ్‌ఎంబీ నుంచి తీసిన హద్దు ముందే సిస్టమ్‌లో ఉంటే తప్ప, తప్పు గీతకు కూడా అనుమతి అంతే వేగంగా వచ్చేస్తుంది.

రీసర్వే గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2020 చివర్లో మొదలైన భూముల రీసర్వేలో పాత ఎఫ్‌ఎంబీల స్థానంలో ల్యాండ్ పార్సిల్ మ్యాపులు వస్తున్నాయి. డ్రోన్ పైనుంచి తీసే ఫొటోలో ఈరోజు నేల మీద ఏముందో అదే కనిపిస్తుంది. వంక సన్నబడి ఉంటే సన్నగానే కనిపిస్తుంది, పూడిపోయి ఉంటే కనిపించనే కనిపించదు. పట్టా భూముల యజమానులు సర్వే రోజున గట్టు మీద నిలబడి తమ రాళ్లు చూపించుకుంటారు, వంక పోరంబోకు తరఫున నిలబడాల్సింది ప్రభుత్వ ఉద్యోగే. పాత కొలతతో పోల్చి చూడకుండా కొత్త మ్యాపు ఖాయం చేస్తే, వందేళ్ల కింద రాసుకున్న 70 లింకుల సాక్ష్యం కూడా పోతుంది. ఇది ఇప్పుడు పట్టించుకోకపోతే తర్వాత ఎవరూ సరిదిద్దలేరు.

కొనేవాళ్లు మోసపోయే చోటు ఇంకొకటి ఉంది. రిజిస్ట్రేషన్ అయింది, పాత లావాదేవీలు చూపే ఈసీ క్లీన్‌గా ఉంది, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు లేదు, బ్యాంకు లోన్ కూడా ఇచ్చింది, ఇంకేం టెన్షన్ అనుకుంటారు. కానీ బఫర్ జాగా చాలా చోట్ల పట్టా భూమే. వంక పోరంబోకు అయితే 22ఏలో దొరుకుతుంది, దాని పక్కన ఉన్న తొమ్మిది మీటర్లు ఎవరో రైతు సొంత పట్టా, అమ్ముకోవచ్చు, రిజిస్టర్ అవుతుంది, అక్కడ కట్టకూడదు అంతే. లింక్ డాక్యుమెంట్లు, అడంగల్, 1బీ, లాయర్ ఇచ్చే లీగల్ ఒపీనియన్, ఇవన్నీ ఈ భూమి ఎవరిది అన్న ప్రశ్నకు జవాబులు. నీళ్లు ఎటు పోతాయి అన్న ప్రశ్న వాటిలో ఒక్కదాంట్లోనూ లేదు. వ్యవసాయేతర భూమిగా మార్చుకోవడాన్ని జనం "నాలా" అంటూ వచ్చారు కదా, నాలా అయిపోయింది అంటే అసలు నాలా, అంటే నీళ్లు పారే కాలువ సంగతి కూడా ఎవరో చూసే ఉంటారని నమ్మినవాళ్లున్నారు. రెండింటికీ సంబంధం లేదు.

అందుకే ఇంటి ప్లాను దశలో తనిఖీ చేయడం చాలా ఆలస్యం. లేఅవుట్ దశలో చూస్తే ఎవరికీ నష్టం ఉండదు. ఐదెకరాల లేఅవుట్‌లో వంక వెంట తొమ్మిది మీటర్లు వదిలితే, ఆ జాగాను ఓపెన్ స్పేస్ కింద చూపించుకునే వీలు రూల్స్‌లోనే ఉంది, ఎలాగూ పది శాతం ఓపెన్ స్పేస్ వదలాలి. చెట్లు పెట్టొచ్చు, నడక బాట వేయొచ్చు. అదే జాగాను ప్లాట్లుగా కోసి అమ్మేశాక, మూడు సెంట్ల మనిషి తన ఇంట్లో సగం వదులుకోవాల్సి వస్తుంది. పెద్ద జాగా ఉన్నవాడికి తేలికగా పోయే భారాన్ని చివర్లో చిన్న జాగా ఉన్నవాడి నెత్తిన వేయడం న్యాయం కాదు. అనంతపురం వైపు అహుడా అయినా, కర్నూలు వైపు కుడా అయినా, కడప వైపు అన్నమయ్య అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ అయినా, గట్టిగా పట్టుకోవాల్సిన ఫైలు లేఅవుట్ ఫైలే.

ఇంతవరకూ దూరం గురించి. నీటికి దూరం కన్నా ఎత్తు ముఖ్యం, నీరు పల్లమెరుగు అని ఊరికే అనలేదు. మన రూల్స్‌లో బఫర్ అంతా అడ్డంగా కొలిచేదే. గట్టు నిటారుగా, ఎత్తుగా ఉన్న చోట రెండు మీటర్లు చాలొచ్చు, గట్టే లేని చదును నేలలో యాభై మీటర్లు కూడా చాలవు.

కర్నూలులో 2009లో జరిగింది అదే. ఊరు తుంగభద్ర, హంద్రీ కలిసే మూల మీద ఉంది. సెప్టెంబరు చివర్లో మొదలైన వానలకు తుంగభద్ర ఉధృతంగా వచ్చింది, సుంకేసుల బరాజ్‌ను ముంచెత్తింది. తుంగభద్ర మట్టం పెరిగినప్పుడు హంద్రీ నీళ్లు అందులో కలవలేక వెనక్కి తంతాయి, రెండూ కలిసి పాతబస్తీలో దిగాయి. దిగువన శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది, పూర్తి మట్టం 885 అడుగులైతే నీరు 896 అడుగులు దాటింది. ఊళ్లో కొన్ని చోట్ల మొదటి అంతస్తు దాకా నీళ్లు నిలిచాయి, మంత్రాలయం కూడా మునిగింది. ఆ వరదలో నదికి యాభై మీటర్లు వదిలిన ఇల్లూ, యాభై అడుగులే వదిలిన ఇల్లూ రెండూ మునిగాయి. బఫర్ అనవసరమని దీనర్థం కాదు, బఫర్ నీళ్లకు దారి ఇస్తుంది, కానీ ఇల్లు ఎంత ఎత్తున ఉండాలో అది చెప్పదు.

ఎత్తు గురించి జాతీయ స్థాయిలో ఆలోచన ఎప్పుడో జరిగింది. కేంద్ర జల సంఘం 1975లోనే వరద మైదానాల జోనింగ్‌కు నమూనా బిల్లు తయారుచేసి రాష్ట్రాలకు పంపింది. మణిపూర్, రాజస్థాన్ లాంటి కొద్ది రాష్ట్రాలే చట్టం చేశాయి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2008లో వరదల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో వరుస క్రమం ఉంది. ఆస్పత్రులు, కరెంటు సబ్‌స్టేషన్లు, తాగునీటి పథకాల లాంటివి వందేళ్ల వరద మట్టానికి పైన ఉండాలి. ఇళ్లు, ఆఫీసులు పాతికేళ్ల వరద మట్టానికి పైన, ముప్పు ఉన్న చోట పిల్లర్ల మీద ఉండాలి. పల్లంలో పార్కులూ ఆటస్థలాలూ పెట్టుకోవచ్చు. ఇంతకన్నా తెలివైన రూలు ఇంకోటి అక్కర్లేదు, కానీ ఇవి మార్గదర్శకాలు, ప్లాను పాస్ చేసేవాళ్లను కట్టిపడేసే రూలు కాదు. పాతికేళ్ల వరద మట్టం వీధి వీధికీ ఎంతో గుర్తించి పెడితే తప్ప అడిగే వీలు కూడా లేదు.

"పాతికేళ్ల వరద" అన్న మాటకు చాలామంది పాతికేళ్లకోసారి వచ్చేది అని అర్థం చేసుకుంటారు. మొన్న వచ్చింది కాబట్టి ఇంక ఇరవై ఏళ్లు భయం లేదని ప్లాట్లు అమ్మేవాళ్లు కూడా అదే చెబుతారు. అది తప్పు. ఏ ఏడాదికా ఏడాది వచ్చే అవకాశం నాలుగు శాతం ఉందని దానర్థం. ముప్పై ఏళ్ల హోమ్‌లోన్ తీసుకుంటే, ఆ లోన్ తీరేలోపు అలాంటి వరద కనీసం ఒక్కసారి ఇంట్లోకి వచ్చే అవకాశం నూటికి 70. వందేళ్ల వరదకు కూడా ఆ ముప్పై ఏళ్లలో నూటికి 26 పాళ్లు అవకాశం ఉంది. ఇది చేతిలో ఉంచుకుని ధర మాట్లాడుకోవాలి, సెంటుకు రెండు లక్షలు తక్కువ అని సంబరపడితే కాదు.

కట్టడం దగ్గరికి వస్తే మేస్త్రీలు సాధారణంగా చెప్పేది, "బేస్‌మెంట్ కొంచెం ఎత్తు లేపుదాం సార్." జాతీయ భవన నియమావళి కూడా చుట్టూ నేల కన్నా కనీసం 45 సెంటీమీటర్ల ఎత్తు అడుగుతుంది. అడుగున్నర. కానీ చుట్టూ ఉన్న నేలే పల్లమైతే ఆ అడుగున్నర దేనికీ చాలదు. పైగా సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి ఆరంగుళాలు లేస్తుంది, పదిహేనేళ్లలో ఎత్తున కట్టిన ఇంటి గడప రోడ్డు కిందికి పోతుంది. కొలవాల్సింది రోడ్డు నుంచి కాదు, ఆ వీధిలో గతంలో నీళ్లు నిలిచిన గుర్తు నుంచి. పాత గోడల మీద ఆ గుర్తు ఇంకా దొరుకుతుంది, సున్నం వేసినా కింద భాగం ఉప్పు పట్టి పొక్కి పోతూ ఉంటుంది, కరెంటు బోర్డు కింద మట్టి రంగు చార ఒకటి మిగిలి ఉంటుంది. ఆ చారకు పైన ఒక అడుగు కలుపుకుని బేస్‌మెంట్ మట్టం పెట్టుకోవాలి. అంత ఎత్తు సాధ్యం కాకపోతే కింద పార్కింగు వదిలి పిల్లర్ల మీద ఇల్లు లేపడమే మార్గం. ఆ కింది జాగాను తర్వాత గోడలు కట్టి రూములుగా అద్దెకిస్తే మాత్రం చేసిందంతా వృథా. సెల్లార్ అయితే అసలు వద్దు. వాన రాత్రి సెల్లార్ నీళ్ల సంపుగా మారుతుంది, అక్కడ పడుకునేది వాచ్‌మన్ కుటుంబం.

గరుసు తోలించి ప్లాటు ఎత్తు చేసుకోవడం అందరికీ తోచే పరిష్కారం. ఒక ప్లాటుకు అది బాగానే ఉంటుంది. వంక పక్కన నలభై ప్లాట్లు అదే పని చేస్తే, ఆ నలభై ప్లాట్ల మీద పరుచుకోవాల్సిన నీళ్లు ఎదుటి గట్టు మీదికో, ఎత్తు చేసుకోలేని పేద ఇంట్లోకో పోతాయి. ఎత్తు చేయాలనుకుంటే ఇంటి కింద వరకే చేసి, చుట్టూ నేలను అలాగే వదలడం మంచిది.

కాంపౌండ్ గోడ గురించి ఎవరూ ఆలోచించరు, వరదలో మొదట పడేది అదే. ఒక మీటరు లోతు నీళ్లు గోడకు ఒకవైపే నిలిస్తే, మీటరు పొడవు గోడ మీద సుమారు 500 కిలోల ఒత్తిడి. మూడు మీటర్ల పొడవు గోడ మీద టన్నున్నర. నీళ్లు రెండు మీటర్లకు చేరితే ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది, అదే మూడు మీటర్ల గోడ మీద ఆరు టన్నులు. ఇది కదలకుండా నిలిచిన నీళ్ల సంగతి, పారే నీళ్ల దెబ్బ వేరే. నాలుగంగుళాల ఇటుక గోడ దీనికి ఏ మూలకు? అది పడేదాకా నీళ్లను ఆపుతుంది, పడ్డప్పుడు ఆపిన నీళ్లన్నీ ఒకేసారి వదులుతుంది, పక్కన మనిషి ఉంటే అంతే. వంక వైపు గోడకు కింద ఖాళీలు వదలడం, లేదంటే రాతి కూసాలు పాతి కంచె వేసుకోవడం ఎంతో మేలు.

నంద్యాల వైపు, కర్నూలులో చాలా భాగం, కడపలో కుందూ పరివాహకం నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. నీళ్లు తీసేశాక ఇల్లు నిలబడే ఉంది కదా అని వెంటనే లోపలికి పోకూడదు, పునాది కింద నేల ఎండేటప్పుడు కూడా పగుళ్లు వస్తాయి. 2021 నవంబరు వానల్లో ఉమ్మడి అనంతపురం జిల్లా కదిరిలో ఒక భవనం పక్కింటి మీద కూలి ప్రాణాలు పోయాయి, వంక ఆ ఇళ్లలోకి రానక్కర్లేకపోయింది, వాన చాలింది. అదనపు అంతస్తులు ప్లానులో లేకుండా లేపేటప్పుడు పునాది మాట ఎవరూ ఎత్తరు, నేల నానినప్పుడు ఆ లెక్క బయటపడుతుంది.

అదే 2021 నవంబరు 19 ఉదయం ఉమ్మడి కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పైన పింఛా ప్రాజెక్టు కట్ట అప్పటికే తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట లాంటి ఊళ్ల మీద నీళ్లు పడ్డాయి, ప్రాణాలు పోయాయి, పొలాల్లో ఇసుక మేట వేసింది. ఆ ఊళ్లు నిన్నా మొన్నా ఆక్రమించుకుని వెలిసినవి కావు. అక్కడివాళ్లను బఫర్ ఎందుకు వదల్లేదని అడగడం అన్యాయం. డ్యామ్ కింద ఉన్న ఊరికి కావాల్సిన రూలు వేరు, కట్ట తెగితే నీళ్లు ఏ ఇంటి దాకా, ఎన్ని నిమిషాల్లో వస్తాయో చూపే మ్యాపు కావాలి. ఆ తర్వాత కొద్ది వారాలకే, 2021 డిసెంబరులో, పార్లమెంటు డ్యామ్ సేఫ్టీ చట్టం చేసింది, అందులో డ్యాములకు అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఉండాలని ఉంది. ఆ ముంపు మ్యాపు ఇంజినీర్ల దగ్గర ఉంటే చాలదు. పంచాయతీ గోడ మీద ఉండాలి, కొత్త కాలనీకి జాగా వెతికే తహసీల్దార్ టేబుల్ మీద ఉండాలి. పేదలకు ఇళ్ల స్థలాలు ఇచ్చేటప్పుడు చవగ్గా దొరికేది ఎప్పుడూ పల్లపు భూమే, ఆ ఎంపికలో పేదలకు మాట ఉండదు.

ఆక్రమణలను తెగేసి కూల్చేయాలని, హైదరాబాద్‌లో చెరువుల దగ్గర కూల్చివేతలు చూసి అడిగేవాళ్లు ఇక్కడా ఎక్కువయ్యారు. వంక గర్భంలో కట్టిందాన్ని ఉంచమని ఎవరూ అనరు, ఉమ్మడి భూములూ చెరువులూ ఎన్నేళ్లు ఆక్రమణలో ఉన్నా ఖాళీ చేయించాల్సిందేనని 2011లో సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో గట్టిగానే చెప్పింది. అనుమతి లేని లేఅవుట్లనూ కట్టడాలనూ క్రమబద్ధీకరించే ఎల్‌ఆర్‌ఎస్, బీపీఎస్ పథకాల్లో కూడా నీటి వనరుల జాగాలకు క్రమబద్ధీకరణ లేదు. కానీ కూల్చే నాటికి అక్కడ ఉండేది వంకను కోసి అమ్మినవాడు కాదు, తెల్లకాగితం అగ్రిమెంటు మీద చీటీ డబ్బులు పెట్టి కొన్న ఆటో డ్రైవరో, ఇళ్లల్లో పని చేసుకునే ఆమో. ముందు ఇంకో చోటు చూపించి, అమ్మినవాడి నుంచి డబ్బు రాబట్టి, ఆ తర్వాత వంకను వెడల్పు చేయాలి. ఆ క్రమం తిరగేస్తే వరద చేసిన పనే ప్రభుత్వమూ చేసినట్టు.

రూల్స్ రాసుకోవడం మనకు కొత్తేమీ కాదు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది, బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించిన చెరువుది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 లక్షణాలు, ఉండకూడని 6 దోషాలు అందులో రాతి మీద చెక్కించారు. ఇప్పుడు కూడా అదే పని చేయొచ్చు. ప్రతి వంకకూ ఎఫ్‌ఎంబీ ప్రకారం రెండు గట్ల మీద రాళ్లు పాతి, వాటి మీద లింకులు కాదు మీటర్లలో వెడల్పు రాసి, ఆ పక్కన బఫర్ ఎంతో రాస్తే, సగం మోసాలు ఆ రాయి దగ్గరే ఆగిపోతాయి.

అంతదాకా, ప్లాటు చూడబోయేవాళ్లు చేయగలిగినవి ఉన్నాయి. ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైట్ మీభూమిలోనో, గ్రామ సచివాలయంలోనో ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ, గ్రామ మ్యాపు తీసుకుని, పక్క నంబర్లవి కూడా తీసుకోవాలి, వంక ఎప్పుడూ పక్క నంబరులోనే దొరుకుతుంది. సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి, వాటిలో నీళ్లుండే ఏర్లు నీలి గీతలుగా, ఎండిపోయే వంకలు నల్ల గీతలుగా ఉంటాయి, ఇప్పుడు రోడ్డు ఉన్న చోట వంక గీత కనిపిస్తే అక్కడ ఆగి ఆలోచించాలి. గూగుల్ ఎర్త్‌లో వెనక్కి జరిపి పాత ఏళ్ల ఫొటోలు చూస్తే మట్టి ఎప్పుడు పోశారో కూడా తెలుస్తుంది. జాగాకు ఎగువన చెరువు ఉందా, దాని మరువ ఎటు పారుతుంది అన్నది ఆ ఊరి రైతులను అడగాలి, ముఖ్యంగా మేకలు తోలుకునేవాళ్లను, వాళ్లకు ప్రతి పల్లమూ తెలుసు. ఇల్లు ఇప్పటికే కట్టేసి ఉంటే మీటరు బోర్డు నీటి గుర్తు కన్నా పైకి మార్పించుకోవడం, మిద్దె మీదికి మెట్లు బయటి నుంచి ఉండేలా చూసుకోవడం, వరద నష్టానికి కూడా వర్తించే భారత్ గృహ రక్ష లాంటి ఇంటి ఇన్సూరెన్స్ తీసుకోవడం ఈ వారంలోనే చేయగల పనులు. ఇక ప్లాటు చూడ్డానికి ఎండాకాలం సాయంత్రం పోవద్దు, అక్టోబరులో, గట్టి వాన పడిన మర్నాడు పొద్దున్నే పోవాలి. వెంచర్ వాళ్ల కారు మెయిన్ రోడ్డు మీద ఆపి, చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి నడవాలి.